స్టెప్స్ విజిల్ ఎందుకు ఆగలేదు: పరకాల వైపు ఒక హైస్కూల్ నెట్‌బాల్ జట్టు కేస్ స్టడీ

ఇది పరకాల వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్ అమ్మాయిల జట్టు. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు. దాదాపు అందరూ ఖోఖో, కబడ్డీల నుంచి వచ్చినవాళ్లే. స్కూల్ గేమ్స్ పోటీల్లో నెట్‌బాల్ కూడా ఉంది, మన దగ్గర ఆడే బడులు మాత్రం తక్కువ. కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపిక కావాలంటే ఎంత తోపులాటో అందరికీ తెలుసు. నెట్‌బాల్‌లో గట్టిగా పనిచేస్తే దారి కాస్త దగ్గర. ఈ లెక్క వేసుకునే అక్కడి పీఈటీ మేడమ్ ఆట మొదలుపెట్టారు. అందులో తప్పేం లేదు, మన వైపు చాలా ఆటలు ఇలాగే వేళ్లూనుకున్నాయి.

మేడమ్ నన్ను పిలిచింది ఒకే ఒక్క సమస్య గురించి. దగ్గరలోని గురుకులం జట్టుతో ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టుకుంటే అంపైర్ విజిల్ ఆగకుండా మోగిందట. ఎక్కువసార్లు ఒకటే కారణం: స్టెప్స్, అంటే బంతి పట్టుకున్నాక కాలు నియమం తప్పి కదలడం. "పిల్లల కాళ్లు ఆగుతలేవు సార్. డ్రిల్లుల మంచిగనే చేస్తరు, మ్యాచ్‌ల మల్ల అదే కథ" అన్నారు ఫోన్లో.

నా చెవికి ఆ రెండో వాక్యమే పట్టింది. కాలి అలవాటే చెడ్డదైతే అది డ్రిల్లులోనూ బయటపడాలి. డ్రిల్లులో సరిగ్గా ఉండి మ్యాచ్‌లో మాత్రమే తప్పుతోందంటే, డ్రిల్లులో లేనిదేదో మ్యాచ్‌లో ఉందన్నమాట. ఉండేది ప్రత్యర్థి, గడియారం, తోటి ఆటగాళ్లు. ఈ మూడింటిలో ఏది ఆ కాలిని కదిలిస్తోందో తేల్చడమే ఈ కేసులో నేను చేసిన పని.

ఆట తెలియనివాళ్ల కోసం

నెట్‌బాల్ బాస్కెట్‌బాల్ నుంచి పుట్టింది. 1891లో అమెరికాలో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెడితే, ఆ దశాబ్దంలోనే అది ఇంగ్లండ్‌లో ఆడపిల్లల వ్యాయామ కళాశాలకు చేరి వేరే ఆటగా మారింది. మొదటి ప్రపంచ పోటీ 1963లో ఈస్ట్‌బోర్న్‌లో జరిగింది, ఆస్ట్రేలియా గెలిచింది. 1998 కౌలాలంపూర్ నుంచి కామన్వెల్త్ క్రీడల్లో ఉంది. 2010లో ఢిల్లీలో జరిగినప్పుడు మన అమ్మాయిల జట్టు కూడా ఆడింది. ఒలింపిక్స్‌లో మాత్రం లేదు.

కోర్టు 30.5 మీటర్ల పొడవు, 15.25 మీటర్ల వెడల్పు. అడుగుల్లో వందకు యాభై అనుకుంటే గ్రౌండ్‌లో కొలవడం తేలిక. పొడవును మూడు సమాన భాగాలు చేస్తారు. మధ్యది సెంటర్ థర్డ్, రెండు చివర్లవి గోల్ థర్డ్‌లు. గోల్ లైన్ మధ్యలో పది అడుగుల పోల్ ఉంటుంది, దాని నుంచి 4.9 మీటర్ల దూరంతో గీసిన అర్ధవృత్తాన్ని సర్కిల్ అంటాం. రింగు వెనక బోర్డు ఉండదు. బంతిని దేనికో కొట్టి లోపలికి దొర్లించే అవకాశం లేదు, నేరుగా పైనుంచి పడాల్సిందే.

జట్టుకు ఏడుగురు. ఎవరు ఎక్కడ తిరగొచ్చో వాళ్లు చొక్కా మీద వేసుకునే బిబ్ మీది అక్షరాలే చెప్తాయి. గోల్ షూటర్‌కు తాము దాడి చేసే వైపు గోల్ థర్డ్ ఒక్కటే. గోల్ అటాక్‌కు అదీ, సెంటర్ థర్డూ. గోల్ వేసే హక్కు ఈ ఇద్దరిదే, అదీ సర్కిల్ లోపలి నుంచే. వింగ్ అటాక్ కూడా ఆ రెండు భాగాల్లో తిరుగుతుంది గానీ సర్కిల్లో అడుగు పెట్టకూడదు. సెంటర్‌కు రెండు సర్కిళ్లు తప్ప కోర్టంతా సొంతం. వెనకవైపు వింగ్ డిఫెన్స్, గోల్ డిఫెన్స్, గోల్ కీపర్‌లకు ఇవే హద్దులు ఎదురు దిశలో వర్తిస్తాయి. హద్దు దాటితే ఆఫ్‌సైడ్, బంతి అవతలి జట్టుకు. ఒక గోల్‌కు ఒక పాయింట్. ఒక్కొక్కటి 15 నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు ఉంటాయి. బడి పిల్లల పోటీల్లో నిర్వాహకులు వీటిని కుదించుకుంటారు.

ఇక మన కేసుకు కావలసిన అసలు నియమాలు రెండు. బంతి చేతికొచ్చాక మూడు సెకన్లలోపు పాస్ చేయాలి, లేదా షాట్ వేయాలి. డ్రిబుల్ చేసుకుంటూ పరిగెత్తడం ఈ ఆటలో లేదు. రెండోది ఫుట్‌వర్క్. బంతి పట్టి ఏ కాలి మీద దిగితే అది ల్యాండింగ్ ఫుట్. రెండో కాలును ఎన్నిసార్లయినా మార్చి పెట్టుకుంటూ ల్యాండింగ్ ఫుట్ మీద తిరగొచ్చు. ల్యాండింగ్ ఫుట్ పైకి లేపవచ్చు కూడా, కానీ అది మళ్లీ నేలకు తాకేలోపు బంతి చేతిలోంచి వెళ్లిపోవాలి. దాన్ని ఈడ్చకూడదు, దాని మీద గెంతకూడదు. రెండు కాళ్ల మీద ఒకేసారి దిగితే ఏ కాలు కదపాలో మన ఇష్టం, రెండోది ల్యాండింగ్ ఫుట్ అవుతుంది. తప్పితే అవతలి జట్టుకు ఫ్రీ పాస్. పిల్లలు దీన్నే స్టెప్స్ అంటారు.

వీడియోలో కనపడింది

ఆ ఫ్రెండ్లీ మ్యాచ్‌ను లెక్కల సార్ ఫోన్లో తీశారు. గోడ మీద ఎక్కి తీశారట, అందుకే కోర్టు మొత్తం కనపడింది. ఇలాంటి వీడియో దొరకడం అదృష్టం. తల్లిదండ్రులు తీసేవాటిలో వాళ్ల పిల్ల తప్ప ఇంకెవరూ ఉండరు.

స్టెప్స్ విజిల్ పడ్డ ప్రతిచోటా వీడియో ఆపాను. బంతి పట్టుకున్న పిల్లను వదిలేసి మిగతా ఆరుగురు ఏం చేస్తున్నారో చూశాను. ఎక్కువ చోట్ల ఒకే దృశ్యం. ముందున్న ఇద్దరు ముగ్గురు నిలబడి, చేతులు పైకెత్తి "నాకియ్యి, నాకియ్యి" అని అరుస్తున్నారు. ప్రతి ఒక్కరి ముందూ ఒక డిఫెండర్ ఉంది. బంతి ఉన్న పిల్ల ఒకరి వైపు చూస్తుంది, ఇవ్వలేదు. ఇంకొకరి వైపు తిరుగుతుంది, అక్కడా లేదు. మూడో సెకను దగ్గరపడుతుంది. అప్పుడు ఎక్కడికో విసిరేయడానికి ఒక అడుగు ముందుకు జరుగుతుంది. అక్కడ విజిల్.

ఇంకొన్నిచోట్ల దీనికి పూర్తిగా వ్యతిరేకం. సెంటర్ చేతికి బంతి రాగానే నలుగురు ఒకేసారి ఆమె మీదికి పరిగెత్తుకొచ్చారు, నలుగురి వెంట నలుగురు డిఫెండర్లు. పాస్ ఇవ్వడానికి సందు లేదు. పైగా బంతి ఇచ్చే చేతికీ అందుకునే చేతికీ మధ్య ఇంకొకరు పట్టేంత చోటు ఉండాలని కూడా నియమం ఉంది కదా. చేతిలో పెట్టినట్టు ఇస్తే దానికీ విజిల్ పడుతుంది.

మూడో రకం నాకు మొదట అర్థం కాలేదు. వింగ్ అటాక్ పిల్ల బాగా పరిగెత్తుకొచ్చి, తనకు అనుమతి ఉన్న చోటే, సర్కిల్‌కు రెండడుగుల ముందు బ్రేక్ వేసినట్టు ఆగిపోతోంది. గ్రౌండ్‌కు వెళ్లి చూస్తే తెలిసింది. మొరం నేల మీద ముగ్గుతో గీసిన గీతలు మొదటి క్వార్టర్‌కే చెరిగిపోతున్నాయి. సర్కిల్ ఎక్కడో తెలియక, ఆఫ్‌సైడ్ భయంతో ముందే ఆగుతోంది. గీత మీద కాలు పడితే ఆఫ్‌సైడ్ కాదని, గీత రెండు భాగాలకూ చెందుతుందని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. దీనికి మందు సులువు. వాలీబాల్ కోర్టుకు వాడే నవారు తెప్పించి మేకులు కొట్టించాం. ఆ రకం తప్పు దాదాపు పోయింది.

మొత్తం మీద బంతి పట్టుకున్న పిల్ల కాలు తప్పిన చోట్లలో చాలా వాటికి కారణం ఆమె కాలు కాదు. బంతి లేనివాళ్లు ఆమెకు దారి చూపించలేదు. మూడు సెకన్లు అయిపోతుంటే కాలు ఆగదు, ఎవరిదైనా సరే. అందుకే డ్రిల్లులో ఈ తప్పు కనపడలేదు. డ్రిల్లులో పాస్ ఎవరికివ్వాలో ముందే తెలుసు, గడియారం లేదు, అడ్డం ఎవరూ లేరు.

ఒక్క పిల్ల విషయం వేరు, ఆమె గురించి తర్వాత చెప్తాను.

ఖోఖో నేర్పిన ఓపిక

నిలబడి అరవడం బద్ధకం అని మేడమ్ అనుకున్నారు. ఈ పిల్లలు బద్ధకస్తులు కాదు. ఖోఖోలో మండల స్థాయి గెలిచినవాళ్లు అందులో ఉన్నారు. అరగంట వాళ్ల ఖోఖో చూశాక నాకు విషయం తట్టింది.

ఖోఖోలో ఛేజింగ్ జట్టు గళ్లలో కూర్చుంటుంది. వెనక నుంచి తోటి పిల్ల వచ్చి తట్టి "ఖో" అనేదాకా లేవకూడదు, లేస్తే ఫౌల్. ఏళ్ల తరబడి ఈ ఓపికే మెచ్చుకోలు తెచ్చింది. నెట్‌బాల్ కోర్టులోకి వచ్చాక కూడా వాళ్లు అదే చేస్తున్నారు. బంతి తన వైపు వస్తేనే కదలాలి అని ఒళ్లంతా అలవాటైపోయింది. నెట్‌బాల్‌లో బంతి బయలుదేరాక కదిలితే అప్పటికే ఆలస్యం, భుజం పక్కనే ఉన్న డిఫెండర్ ముందు చేరుకుంటుంది.

అయితే ఇదే పిల్లలు ఇన్నింగ్స్ మారగానే రన్నర్లుగా దిగుతారు. అప్పుడు వాళ్లకు ఎవరూ ఖో చెప్పరు. ఎదుటి ఛేజర్ భుజం ఏ పక్కకు తిరిగిందో చూసి, ఆమె దిశ మార్చుకోలేదని తెలిసి, రెండో పక్కకు మళ్లిపోతారు. ఒక పక్క వెళ్తున్నట్టు నటించి ఇంకో పక్కకు దూకుతారు. నెట్‌బాల్‌లో డిఫెండర్‌ను విడిపించుకోవడం అంటే అచ్చంగా ఇదే. కొత్త నైపుణ్యం నేర్పాల్సిన పని లేదు, ఉన్నదాన్ని ఇటు తేవాలి.

పిల్లలను కూర్చోబెట్టి చెప్పింది ఇంతే. "బిడ్డా, మీరు ఇక్కడ ఛేజింగ్ ఆడుతున్నరు. మన దగ్గర బంతి ఉన్నంతసేపు రన్నింగ్ ఆడాలె." ఒకమ్మాయి వెంటనే "అంటే సార్, నా డిఫెండరే ఛేజరా?" అని అడిగింది. అవునన్నాను. ఆ రోజు నేను చెప్పిన వాటన్నిటికన్నా ఆ ప్రశ్నే ఎక్కువ పనిచేసిందని నా నమ్మకం.

ప్రాక్టీసులో మార్చినవి

విడిగా చేసే ఫుట్‌వర్క్ డ్రిల్లులు చాలావరకు ఆపేశాం. మేడమ్‌కు ఇది మింగుడుపడలేదు. స్టెప్స్ తప్పు పోవాలని పిలిస్తే స్టెప్స్ డ్రిల్లే తీసేస్తారేంటి అన్నారు. వీడియో చూపించాక సరేనన్నారు గానీ పూర్తిగా ఒప్పుకున్నట్టు మాత్రం లేరు.

ముందుగా ఒక గోల్ థర్డ్‌లోనే ఆడించాం, బంతి ఉన్నవాళ్లు ముగ్గురు, అడ్డుకునేవాళ్లు ఇద్దరు. మేడమ్ గట్టిగా సెకన్లు లెక్కపెడతారు. షరతులు రెండే. పాస్ ఇచ్చినవాళ్లు ఇచ్చిన చోట నిలబడకూడదు. నోరు మెదపకూడదు. రెండో షరతు పిల్లలకు నరకంలా అనిపించింది, వాళ్ల అరుపులకు పక్క క్లాసుల నుంచి ఫిర్యాదులు వచ్చేంత అలవాటు మరి. అరవడం మానేసేసరికి తాను ఖాళీగా ఉన్నానని కాళ్లతో, చేతితో చూపించక తప్పలేదు. ఏ వైపు బంతి కావాలో ఆ చేయి మాత్రమే చాచాలి, రెండు చేతులూ పైకెత్తి నిలబడితే లెక్కలోకి రాదు.

తర్వాత వచ్చింది టైమింగ్. అందరూ ఒకేసారి కదిలితే మళ్లీ గుంపే. అందుకని వరుస పెట్టాం. బంతి పట్టిన పిల్ల దిగి తలెత్తగానే దగ్గరున్న పిల్ల కదలాలి. లెక్క "రెండు" అనేలోపు పాస్ రాకపోతే ఆమె అక్కడి నుంచి తప్పుకోవాలి, ఆమె ఖాళీ చేసిన చోటికి రెండో పిల్ల రావాలి. తప్పుకోవడం నేర్పడం అన్నిటికన్నా కష్టం. బంతి రాకపోతే పిల్లకు కోపం వస్తుంది, అక్కడే నిలబడి అలుగుతుంది. తాను వెళ్లిపోవడం వల్లే ఇంకొకరికి దారి దొరికిందని ఆమెకు కనపడదు. గోల్ అయ్యాక ఆట ఆపి, "దారి ఇచ్చింది ఎవరు?" అని అడగడం మొదలుపెట్టాం. గోల్ వేసిన పిల్ల పేరు అడగలేదు.

వెనక్కి పాస్ ఇవ్వడం గురించి కూడా చెప్పాలి. ఈ ఆటలో ఎన్ని పాస్‌లైనా ఇవ్వొచ్చు, వెనక్కీ ఇవ్వొచ్చు. ఒక పూర్తి థర్డ్‌ను ఎవరూ తాకకుండా మీదుగా విసిరేయడం మాత్రమే కుదరదు. కానీ మన ఊళ్లలో గ్రౌండ్ చుట్టూ నిలబడేవాళ్లు బంతి వెనక్కి వెళ్తే "అరె, ముందుకేయ్!" అని గోల చేస్తారు. పిల్లలకు అది పిరికితనంలా అనిపిస్తోంది. బంతి ఉన్నవాళ్లకు ఏటవాలుగా వెనక ఎప్పుడూ ఒకరు ఖాళీగా ఉండాలని, ఆ పని ఎక్కువగా వింగ్ డిఫెన్స్‌దని నిర్ణయించాం. ఆ బిబ్ వేసుకున్న పిల్లకు అంతకుముందు బంతి వచ్చేదే కాదు, ఏదో కొరతకు పెట్టారన్నట్టు ఉండేది. ఇప్పుడు ఆటలో ఆమె చేయి పడని గోల్ తక్కువ.

సెంటర్ పాస్‌ను విడిగా చూడాల్సి వచ్చింది. ప్రతి గోల్ తర్వాత ఆట మధ్య వృత్తం నుంచి మళ్లీ మొదలవుతుంది. ఎవరు గోల్ వేసినా సెంటర్ పాస్ మాత్రం రెండు జట్లకూ వంతులవారీగా వస్తుంది. విజిల్ పడేదాకా ఇద్దరు సెంటర్లు తప్ప అందరూ గోల్ థర్డ్‌ల్లోనే ఉండాలి. మొదటి పాస్ సెంటర్ థర్డ్‌లోనే అందాలి. ఈ జట్టు ప్రతిసారీ వింగ్ అటాక్‌కే ఇచ్చేది. గురుకులం పిల్లలు రెండోసారికే కనిపెట్టి ఆమెను మూసేశారు. నిజానికి అందుకోగలవాళ్లు నలుగురు: ముందు నుంచి వింగ్ అటాక్, గోల్ అటాక్, వెనక నుంచి వింగ్ డిఫెన్స్, గోల్ డిఫెన్స్. సంకేతాలు, రహస్య నంబర్లు పెడదామని పిల్లలు ఉబలాటపడ్డారు. నేను రెండు పద్ధతులే ఇచ్చాను. వింగ్ అటాక్ కోర్టు అంచు వైపుకు దూకి డిఫెండర్‌ను లాగితే గోల్ అటాక్ మధ్యలోకి రావడం ఒకటి. ఇద్దరూ మూసుకుపోతే వెనక నుంచి గోల్ డిఫెన్స్ రావడం ఇంకొకటి. ఈ వయసులో అంతకు మించి గుర్తుండవు, ఒత్తిడిలో అసలే గుర్తుండవు.

నిజంగా కాలు తప్పిన పిల్ల

జట్టులో అందరికన్నా వేగమైన పిల్ల గోల్ అటాక్ ఆడేది. ఖోఖోలో పోల్ దగ్గర డైవ్ కొట్టే పిల్ల. ఆమె స్టెప్స్ తప్పులు వేరే రకం. ముందు ఖాళీగా మనిషి ఉన్నా తప్పు పడేది. పూర్తి వేగంలో వచ్చి బంతి పట్టి, నిటారుగా ఒంటికాలి మీద దిగి, ఒంట్లో ఉన్న వేగం ఆపలేక రెండడుగులు జారిపోయేది. ఇది అచ్చంగా కాళ్ల సమస్యే. ఒకే విజిల్, ఒకే సైగ, లోపల రెండు వేర్వేరు జబ్బులు. ఆమెను మిగతావాళ్లతో కలిపి చూసి ఉంటే రెండూ నయం అయ్యేవి కావు.

ఆమెకు మాత్రం ల్యాండింగ్ విడిగా నేర్పించాం. బంతిని వీలైనంత పైన, చేతులు చాచి గాలిలో పట్టాలి. మోకాళ్లు వంచి, నడుము కిందికి దించి దిగాలి. అవసరమైతే రెండు కాళ్ల మీద ఒకేసారి దిగాలి. గోల్ వైపు తిరగడం నేల మీద కాకుండా గాలిలో ఉండగానే మొదలుపెట్టాలి. ఇందులో స్టెప్స్ కన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. నెట్‌బాల్‌లో చీలమండ బెణకడం చాలా మామూలు, మోకాలి లిగమెంటు తెగడం ఆటనే ముగించేస్తుంది. రెండూ ఎక్కువగా ఇలా గట్టిగా, నిటారుగా దిగినప్పుడే జరుగుతాయి. ఈ పిల్లలు సగం మంది చెప్పుల్లేకుండా ఆడతారు. మొరం మీద వట్టి కాళ్లతో హఠాత్తుగా ఆగడం నాకు అస్సలు నచ్చని విషయం. బూట్ల కోసం మేడమ్ ఊళ్లో దాతలను అడిగారు, కొన్ని జతలు వచ్చాయి, సైజులు సరిపోలేదు.

కబడ్డీ నుంచి వచ్చిన కీపర్

గోల్ కీపర్ పిల్ల కబడ్డీలో కార్నర్. పట్టు పడితే రైడర్ కదలదు. నెట్‌బాల్‌లో అది పనికిరాదు. ఎదుటివాళ్ల ఆటకు అడ్డం వచ్చేలా తగిలితే కాంటాక్ట్. బంతి పట్టుకున్నవాళ్ల కాలికీ అడ్డుకునేవాళ్ల కాలికీ మధ్య 0.9 మీటర్లు, అంటే మూడడుగుల దూరం ఉండాలి, దగ్గరికొచ్చి చేతులెత్తితే అబ్‌స్ట్రక్షన్. రెండింటికీ పెనాల్టీ పడుతుంది. తప్పు చేసినవాళ్లు పక్కన కదలకుండా నిలబడాలి, సర్కిల్లో అయితే షూటర్ వాళ్ల అడ్డం లేకుండా షాట్ వేసుకుంటుంది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో ఇంగ్లండ్ ఆస్ట్రేలియాను 52–51తో ఓడించిన చివరి గోల్ పెనాల్టీ షాట్ మీద వచ్చిందే. ఆ వీడియో పిల్లలకు చూపించాను. కీపర్ పిల్ల నోట మాట రాలేదు.

ఆమెకు మూడడుగుల వెదురు కర్ర ఇచ్చాం. షూటర్ ల్యాండింగ్ ఫుట్ దగ్గర కర్ర ఒక కొస, రెండో కొస దగ్గర ఆమె కాలు. దూరం కొలిచేది కాళ్ల మధ్యే కాబట్టి, అక్కడి నుంచి ఒళ్లు ముందుకు వంచి చేతులు బంతి మీదికి చాచొచ్చు. ఈ వెసులుబాటు తెలిశాక ఆమె ఆట మారింది. కబడ్డీలో రైడర్ కాలు ఎప్పుడు నేల మీద పడుతుందా అని కాచుకునే కన్ను ఆమెకు ఉంది. షూటర్ దిగిన క్షణం ఆమెకు అందరికన్నా ముందు తెలుస్తుంది. ఆ క్షణంలో ముందుకు దూకే బదులు వెనక్కి ఒకడుగు వేయాలని నేర్పడానికే సమయం పట్టింది. ఇప్పటికీ స్కోరు దగ్గర దగ్గరగా ఉన్నప్పుడు ఆమె చేయి వెళ్లి ఎదుటి పిల్ల నడుమును పట్టుకుంటుంది.

గాజులు, పట్టీలు, పెద్ద గోళ్ల గురించి ఒక మాట. నియమం ప్రకారం నగలు ఉండకూడదు, గోళ్లు కత్తిరించుకోవాలి, జుట్టు కట్టుకోవాలి. పట్టీలు తీయమంటే ఒకరిద్దరు ఇంటి నుంచి అడిగించుకొచ్చారు. ముందు రోజే చెప్తే గొడవ ఉండదు, మ్యాచ్ పొద్దున చెప్తే ఏడుపులు.

ఫలితం, దాని వెనక వచ్చిన కొత్త చిక్కు

అదే గురుకులం జట్టుతో మళ్లీ ఆడారు. ఓడిపోయారు. స్టెప్స్ విజిల్ మాత్రం బాగా తగ్గింది, పడ్డవాటిలో ఎక్కువ భాగం ఆ వేగమైన పిల్లవే. బంతి సర్కిల్ దాకా చేరడం మొదలైంది. చేరాకే అసలు సంగతి బయటపడింది: షాట్లు పడటం లేదు.

కారణం రింగులో ఉంది. బడిలో పోల్ చేయించినప్పుడు మూలన పడున్న పాత బాస్కెట్‌బాల్ రింగును బోర్డు తీసేసి పైపుకు వెల్డింగ్ చేయించారు. బాస్కెట్‌బాల్ రింగు వ్యాసం 45 సెంటీమీటర్లు, నెట్‌బాల్‌ది 38. పిల్లలు రోజూ పెద్ద రింగులో వేస్తూ బాగా వేస్తున్నామని మురిసిపోయారు. గురుకులంలో సరైన రింగు చూసేసరికి బంతి అంచుకు తగిలి బయటికి దూకింది. బోర్డు లేదు కాబట్టి అలా దూకిన బంతి మళ్లీ తిరిగి రాదు. వెల్డింగ్ షాపులో మిల్లీమీటర్లు చెప్తే పని కాదు. పదిహేను అంగుళాల రింగు, పైపు నుంచి ఆరంగుళాలు ముందుకు, నేల నుంచి పదడుగులు అని చెప్తే సాయంత్రానికి బిగించేశాడు. రింగు మారాక ఆర్క్, అంటే బంతి గాలిలో వెళ్లే వంపు కూడా మార్చాల్సి వచ్చింది. ముందుకు తోసినట్టు వేయడం మానిపించి, చేయి తల మీదుగా పెట్టి, మోకాళ్ల నుంచి బలం తెచ్చి, ఎత్తుగా వేయించాం. చదునుగా వచ్చే బంతికి రింగు నోరు ఇరుకు, పైనుంచి దిగే బంతికి వెడల్పు. షూటర్ పిల్లకు ఇది కొన్నాళ్లు విసుగు తెప్పించింది, వేసినవి కూడా పోతున్నాయని గొణిగింది.

బతుకమ్మ, దసరా సెలవులతో ప్రాక్టీసు ఆగింది. ఆ వెంటే పత్తి ఏరడం మొదలైంది. ఈ వైపు హైస్కూళ్లలో అక్టోబరు నుంచి హాజరు ఎలా ఉంటుందో తెలిసిందే. ఉన్నవాళ్లతో ఐదుగురి చొప్పున ఆడించాం. మంచిదే అయింది, మనుషులు తక్కువైతే నిలబడే తీరిక ఎవరికీ ఉండదు. జిల్లా సెలక్షన్లకు వెళ్లిన పిల్లల్లో వింగ్ డిఫెన్స్, కీపర్ ఎంపికయ్యారు. గోల్ అటాక్ పిల్ల కాలేదు, అక్కడ కూడా రెండుసార్లు జారింది.

వచ్చే ఏడాది గురించి మేడమ్‌కూ నాకూ ఇంకా తేలని వాదన ఒకటి ఉంది. పదో తరగతి పిల్లలు వెళ్లిపోతున్నారు, సెంటర్ పిల్ల కూడా అందులోనే ఉంది. ఏడో తరగతి నుంచి కొత్తవాళ్లు వస్తారు. మొదటి కొన్ని నెలలు వాళ్లకు బిబ్‌లు వారం వారం మార్చుతూ పోవాలని, అందరూ అన్ని స్థానాలూ ఆడితేనే బంతి లేనప్పుడు ఎటు కదలాలో తెలుస్తుందని నా మాట. అలా చేస్తే ఆగస్టుకు ఏ జట్టూ తయారు కాదని, సెలక్షన్లలో ఒక్క స్థానం బాగా వచ్చిన పిల్లే కంటికి కనపడుతుందని మేడమ్ మాట. ఆమె చెప్పేది కాదనలేను, పంపాల్సింది ఆవిడే. ప్రస్తుతానికి కుదిరిన ఒప్పందం ఏమిటంటే, సర్కిల్లోకి వెళ్లే నాలుగు బిబ్‌లు ఆవిడ ఖాయం చేస్తారు, మిగతా మూడు నేను తిప్పుతాను.